మసిపూసిన మారేడుకాయ

మా మేడమీది వాటా ఖాళీ అయింది. గేటుకు టు-లెట్ బోర్డు కట్టి పదిరోజులైనా ఎవరూ కుదరలేదు. ఒక సాయంత్రం కాలేజీనుంచి వచ్చి కాఫీ తాగుతున్నాను. ఆ వేళ క్లాసులో పోతనగారి కృష్ణుణ్ణి చెప్పి వచ్చాను. ఆ నల్లని మేని సొగసును గంటసేపు వర్ణిస్తే పిల్లలు కదలకుండా విన్నారు. ఆ సంతోషం ఇంకా దిగలేదు.

తలుపు చప్పుడయింది. తీస్తే ఒక ఆఫ్రికా కుర్రవాడు! టాంజానియానుంచి వచ్చి ఇక్కడ విశాఖపట్నంలో ఫార్మసీ చదువుతున్నాడట. అద్దె ఎంతని వినయంగా అడిగాడు.

“నిన్ననే ఇచ్చేశామండీ” అన్నాను.

అబద్ధమాడటానికి నాకు అరక్షణం పట్టలేదు. అతను నమస్కారం పెట్టి, వెళ్తూ వెళ్తూ గేటుకున్న బోర్డు వంక ఒక్కసారి చూశాడు. ఏమీ అనలేదు.

“ముందు ఆ బోర్డయినా తీయకపోయారా?” అంది మా ఆవిడ లోపలినుంచి.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. నేను ఆఫ్రికావాడితో అంతకుముందు పది మాటలు మాట్లాడి ఎరుగను. నాకు కీడు చేసినవాడూ లేడు. మరి ఈ బెదురు ఎక్కడిది?

ఆలోచించగా ఆలోచించగా మా వూరి సినిమాహాలు గుర్తుకొచ్చింది. చిన్నప్పుడు ఆదివారాలు ఉదయం ఆటకు పాత టార్జాన్ బొమ్మలు వేసేవారు. తెల్లని టార్జాన్ తీగలు పట్టుకు వూగుతుంటే ఈలలు వేసేవాళ్ళం. నల్లవాళ్ళో? ఈటెలు పట్టి గంతులు వేసేవారు. లేకుంటే మూటలు మోస్తూ కొండమీదనుంచి జారి పడేవారు. పడినవాడికి పేరుండదు. వాడికోసం హాల్లో ఎవరూ “అయ్యో” అనలేదు. నేనూ అనలేదు.

తమాషా వినండి. 1912లో టార్జాన్ కథ రాసిన ఎడ్గార్ రైస్ బరోస్ ఆఫ్రికాలో అడుగైనా పెట్టలేదు. జానీ వైస్‌ముల్లర్ టార్జాన్‌గా 1932లో వచ్చిన బొమ్మలోని అడవి చాలావరకు కాలిఫోర్నియాలోది. ఆసియా ఏనుగులకే పెద్ద చెవులు అతికించి ఆఫ్రికా ఏనుగులన్నారు. అందులో భయపెట్టే మరుగుజ్జు తెగవాళ్ళు నల్లరంగు పూసుకున్న తెల్లవాళ్ళు! మసిపూసి మారేడుకాయ చేయటమంటే ఇదే. ఆ మసిని చూసి బెదిరిన నేను, ముప్పైయేళ్ళ తరవాత ఒక పిల్లవాడి ముఖాన తలుపు వేశాను.

నాలుగోనాడు బస్‌స్టాపులో కనిపించాడు. దగ్గరకు పోయి, “వాటా ఖాళీగానే వుంది. నేను అబద్ధమాడాను” అన్నాను.

“తెలుసు సార్. మీది ఆరో ఇల్లు” అని నవ్వాడు. ఎక్కడో దూరంగా, ఎక్కువ అద్దెకు గది దొరికిందట.

టీ తాగుతూ మాట్లాడుకున్నాం. అతనిది సముద్రపు ఒడ్డున వున్న దారుస్సలాం. “సింహాన్ని నేను మొదటిసారి చూసింది మీ విశాఖ జూలోనే సార్!” అన్నాడు. హిందీ సినిమాలు చూసి, ఇక్కడివాళ్ళంతా వీధుల్లో పాడుతూ తిరుగుతారని వాళ్ళమ్మ నమ్మకమట. ఇద్దరం నవ్వుకున్నాం. కాని ఆమె నమ్మకంవల్ల ఎవరికీ ఇల్లు దొరక్కుండా పోలేదు.

మొన్న మరో సెక్షనుకు అదే పాఠం చెప్పవలసివచ్చింది. కృష్ణుడి నలుపు దగ్గరకు వచ్చేసరికి నా గొంతు కాస్త తడబడింది. పిల్లలు భక్తి అనుకున్నారు.