ఓడలో మా గది

పెండ్లి సంబంధము చూచునప్పుడైనను మావారు వేయనన్ని ప్రశ్నలు ఓడలో ఒక గది యెన్నుకొనుటకు వేసిరి. మూడు వారములు మా యింట రాత్రి భోజనానంతరము ఇదియే చర్చ. ఆ చర్చవలన నేను నేర్చుకొన్న సంగతి మన పాఠశాల బాలబాలికలకును, వారి తల్లిదండ్రులకును కొంత యుపకరించునని తలంచి వ్రాయుచున్నాను.

2022వ సంవత్సరము జూన్ మాసమున ‘ఎంప్రెస్’ అను యాత్రానౌక విశాఖపట్టణపు రేవునుండి చెన్నపట్టణమునకు ప్రయాణికులను గొనిపోవ నారంభించెను. అది 1990లో ఫ్రాన్సు దేశమున నిర్మింపబడిన పదునొకండు అంతస్తుల యోడ. బెజవాడలో పుట్టి పెరిగిన మాకు కృష్ణలో లాంచియెక్కి భవానీద్వీపమునకు పోవుటయే నౌకాయానము. కావున ఈ వార్త వినగానే నా భార్యయు, పిల్లలిద్దరును, డెబ్బదియేండ్లు దాటిన మా యమ్మయు, నేనును పోవుటకు నిశ్చయించితిమి.

ఓడలో గదులు ముఖ్యముగా మూడు తెఱగులు. లోపలిగదికి కిటికీ యుండదు; వెల తక్కువ. వెలుపలిగదికి అద్దపు కిటికీ యుండును, కాని అది తెఱచుటకు వీలుకాదు. బాల్కనీగదికి ముందు చిన్న వసారా యుండును. అందు కూర్చుండి సముద్రమును చూడవచ్చును. వెలయు మిక్కిలి యెక్కువ. నేను బాల్కనీగదియే కావలెనంటిని. “అమ్మ జీవితములో ఒకమాఱైనను మంచముమీదనుండి సూర్యోదయము చూడవలెను గదా” యని నా వాదము. మా యమ్మ “మీ యిష్టము నాయనా” యని యూరకుండెను. ఆ మాటను నేను సమ్మతిగా నెంచితిని.

గది యెన్నిక కేవలము వెలనుబట్టియే కాదని చదువగా తెలిసినది. పిల్లలు ఉయ్యాలబల్ల యాడుట మన మెఱుగుదుము. కొనల గూర్చున్నవారు పైకిని క్రిందికిని పోవుదురు. నడుమ నున్నవాడు కదలడు. ఓడయు నట్టిదే. అణియమున, అమరమున కుదుపు మెండు, నడిమిభాగమున స్వల్పము. పై అంతస్తుల ఊగులాట హెచ్చు; క్రిందివాని యందు తక్కువ. ఇదిగాక నృత్యశాలకు క్రిందనున్న గదిలో నిద్రపట్టదు. కొన్ని కిటికీల కెదురుగా ప్రాణరక్షక పడవలు వ్రేలాడుచు చూపు నడ్డగించును. విశాఖనుండి చెన్నపట్టణమునకు పోవు నోడకు తీరము కుడివైపున నుండును. ఉదయించు సూర్యుడు ఎడమవైపున కనబడును. తిరుగుప్రయాణమున నిది తాఱుమాఱగును.

ఈ విషయము మన పెద్దలకు క్రొత్తది కాదు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియై కాలువలు సాగిన పిమ్మట, బందరు కాలువలోను ఏలూరు కాలువలోను పడవలమీదనే జనులు ప్రయాణము చేయుచుండిరి. గాలి యనుకూలించిన తెరచాప యెత్తుట, లేనియెడల గట్టుమీద నడచుచు తాడుతో లాగుట వాడుక. మా ముత్తాతగారు బందరునకు కాలువపడవలో పోవునప్పుడు స్త్రీలను, పిల్లలను, వృద్ధులను నడుమ కప్పుక్రిందను, యువకులను అణియమునను కూర్చుండబెట్టెడివారని మా యింట చెప్పుకొందురు. నడిమిచోటు బలహీనులదని వారికి ఏ పుస్తకమును చెప్పలేదు.

నేను డబ్బు చెల్లించుటకు సిద్ధమైన రాత్రి, ఏడవ తరగతి చదువుచున్న మా యమ్మాయి “నాన్నగారూ, నాయనమ్మను ఎవరైనను అడిగితిరా?” యనెను. “అడిగితిమి గదా” యంటిని. “మీరు చెప్పితిరి, అడుగలేదు” యని అది లేచి నాయనమ్మ ప్రక్కకు బోయి, “నాయనమ్మా, నీకు సముద్రము కనబడు గది కావలెనా, వద్దా?” యని ప్రశ్నించెను.

మా యమ్మ కొంతసేపు పలుకలేదు. పిమ్మట మెల్లగా “రాత్రిపూట సముద్రపు చప్పుడు వినబడనిచోట పండుకొనెదను తల్లీ” యనెను.

మా యమ్మ పుట్టినిల్లు దివిసీమలో నొక పల్లె. 1977 నవంబరు 19వ తేదీన ఉప్పెన వచ్చి సుమారు పదివేలమందిని పొట్టనబెట్టుకొన్న సంగతి మన జిల్లావారెల్లరు నెఱుగుదురు. ఆనాడామె పుట్టినింటనే యుండెను. నీరు ఇల్లు ముంచగా నొక దూలమును బట్టుకొని తెల్లవాఱువఱకు నుండెననియు, ఆమె చేతిలోని తమ్ముని చేయి జాఱిపోయెననియు నేను చిన్ననాట విని యుంటిని. ఆమె మాత్రము ఆ కథ నాకెన్నడును చెప్పలేదు, నేనును అడుగలేదు. సూర్యోదయము అమ్మ కొఱకని చెప్పుచు, వసారాలో కూర్చుండవలెనను నా కోరికనే ఆమె పేర నడిపితినని నాకప్పుడు బోధపడెను. సిగ్గుపడితిని.

“ఐన నీ ప్రయాణమే మానుదము” అంటిని. ఆమె యొప్పుకొనలేదు. “పిల్లలు ఆశపడినారు. నాకును చూడవలెననియే యున్నది. పగలు చూచెదను. కాని గదిప్రక్కనే మెట్లుండవలెను. అట్టడుగున వలదు. దీపము పూర్తిగా ఆర్పవలదు” అని మూడు నియమములు చెప్పెను.

అంతట మా యెన్నిక సులభమయ్యెను. ఓడ నడుమ, మధ్య అంతస్తులో, మెట్లకు సమీపమున నొక లోపలిగది మా యమ్మకును అమ్మాయికిని తీసికొంటిమి. ముందువైపున, ఎడమప్రక్క కిటికీ గల గదిని మేము మువ్వురము తీసికొంటిమి. లోపలిగదిలో దీపమార్పిన పగలైనను కటికచీకటియే గావున మా యమ్మాయి యింటినుండి చిన్న రాత్రిదీపము వెంటదెచ్చెను.

బయలుదేఱుటకు ముందు ప్రయాణికుల నందఱను సమావేశపఱచి, అపాయము కలిగినచో ఎచ్చట చేరవలెనో, రక్షణకవచము నెట్లు తొడుగుకొనవలెనో చూపుదురు. 1912లో టైటానిక్ నౌక మునిగి పదునైదువందలమందికి పైగా మరణించిన పిమ్మట, 1914లో దేశములు గూడి సముద్రయాన రక్షణకై నియమములు చేసికొనినవి. ఈ యభ్యాసము ఆ పరంపరలోనిదే. యువకులు కొందఱు నవ్వుచు ఫోటోలు దీసికొనుచుండిరి. మా యమ్మ యొక్కతె ప్రతిమాటయు శ్రద్ధతో విని, కవచపు ముడిని రెండుమాఱులు విప్పి కట్టి చూచుకొనెను.

రెండవరాత్రి ఋతుపవనపు గాలికి ఓడ యూగెను. ముందువైపు గదిలో నేను వాంతులతో తెల్లవార్లు మేల్కొంటిని. నడిమిగదిలో మా యమ్మ హాయిగా నిద్రించెనట. గలిలయ సముద్రమున తుపాను రేగినప్పుడు మన ప్రభువు దోనె అమరమున నిద్రించెనని మార్కు సువార్తలో చదివియున్నాము. కుదుపు మిక్కుటమైన చోటనే ఆయనకు నిదురపట్టెను. ఆ నెమ్మది మనకు లేదు గనుక, మనలో భయపడువారికి నడిమిచోటు నిచ్చుట మన ధర్మము.

మూడవనాటి వేకువను మా యమ్మాయి వచ్చి తలుపు తట్టెను. నాయనమ్మ తనంతట తానే లేచి, పైకి పోవుదమనెనట. అందఱము పై అంతస్తునకు బోయితిమి. ఎడమవైపు కమ్మిని రెండుచేతుల బట్టుకొని మా యమ్మ నిలువబడెను. సూర్యుడు నీటినుండి పైకి వచ్చెను. “మా తమ్మునికి నీరనిన నెంతో యిష్టము” అని ఆమె యనెను. నలువదియైదేండ్లలో నేను వినిన మొదటిమాట అది. తరువాత వాని పేరు చెప్పెను. వాడు కాలువలో నీదులాడుటను, బడి యెగగొట్టి చేపలు పట్టుటను గూర్చి చెప్పి నవ్వెను. పిల్లలు ప్రశ్నలు వేసిరి. ఆమె యన్నిటికిని బదులు చెప్పెను.

బాలబాలికలారా, మీరును ఒకనాడు మీ కుటుంబమును ఓడ యెక్కింతురు గాక. అంతస్తులు, వెలలు, కుడియెడమలు తప్పక విచారింపుడు. కాని యంతకంటె ముందు, ఆ గదిలో నిదురించువారిని మెల్లగా నడుగుడు. వారు “మీ యిష్టము” అన్నచో మఱియొకమాఱడుగుడు.