మా అయ్య చూసే చైను బండి



మన గోడపత్రికలో అందరూ పండుగల గురించి, పక్షుల గురించి రాస్తున్నారు. నేను ఒక బండి గురించి రాస్తున్నాను. నవ్వొద్దు.

మాది భద్రాచలం దిక్కు కోయగూడెం. మా అయ్య నాలుగేండ్ల నుండి హైదరాబాదు పాతబస్తీలో, ఫలక్‌నుమాలో పని చేస్తున్నాడు. సెలవులకు నేను అక్కడికే పోతాను. గుట్ట మీద ఫలక్‌నుమా ప్యాలెస్ ఉంటది. దాన్ని 1884లో కట్టడం మొదలుపెట్టారు. ఇప్పుడు అది పెద్ద హోటలు. గుట్ట కింద గల్లీలో ఒక సేఠ్ గారి రేకుల షెడ్డు ఉంది. అందులో పాత చైను బండి, దాని పక్కన మంచం వేసుకొని మా అయ్య ఉంటారు.

చైను బండి అంటే టైర్లకు బదులు ఇనుప పట్టాలు ఉండే ట్రాక్టరు. ముందర బ్లేడు పెడితే బుల్డోజరు. అమెరికాలో మెత్తటి నేలలో చక్రాలు దిగబడుతున్నాయని బెంజమిన్ హోల్ట్ అనే ఆయన 1904లో చక్రాలు తీసేసి ఇట్లాంటి పట్టాలు పెట్టి చూశాడు. అది గొంగళిపురుగు లాగ పాకుతుందని ఇంగ్లీషులో ఆ పురుగు పేరే, క్యాటర్‌పిల్లర్ అని పెట్టారు. మా బండి మాత్రం మన దేశానిదే. కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో బీఈఎంఎల్ కంపెనీ చేసింది. ఆ కంపెనీ 1964లో మొదలైంది.

ఇంత బరువు బండి బురదలో ఎట్లా దిగబడదని అడిగితే అయ్య ముందు ఒక వేలును, తర్వాత అరచేతిని మట్టిలో ఒత్తి చూపించాడు. మన సైన్సులో పీడనం పాఠం అదే. బలం అంతే ఉంది, వైశాల్యం పెరిగింది. అయ్య బడికి పోలేదు.

ఈ బండికి గుండ్రటి స్టీరింగు లేదు. రెండు లివర్లు ఉంటాయి. ఎడమది లాగితే ఎడమకు తిరుగుతది. ఎప్పుడూ ఒక దిక్కే తిప్పితే ఒక పక్క చైను తొందరగా అరుగుతది. పని అయినాక చైనులో మట్టి అంతా గోకి తీయాలి. లేకపోతే మట్టి ఎండి గట్టిపడి కింది రోలర్లు తిరగవు, ఒక పక్కే అరిగి చపటగా అవుతాయి. చైను బిగువు కూడా చూడాలి. మా అయ్య రెండు వేళ్ళు పెట్టి కొలుస్తాడు. బిగువుగా ఉంటే పిన్నులు అరుగుతాయి, వదులుగా ఉంటే చైను ఊడుతది. గ్రీజు గన్నుతో గ్రీజు ఎక్కిస్తే చైను బిగుస్తది. వదులు చేసేటప్పుడు వాల్వు కొంచెమే తిప్పాలి, ముఖం దగ్గర పెట్టొద్దు. లోపలి గ్రీజు తూటా లాగ కొడుతది. బుష్ ఒక పక్క అరిగితే పారేయరు. ప్రెస్సులో పెట్టి తీసి, అరగని పక్కకు తిప్పి మళ్ళీ ఎక్కిస్తారు.

ఇవన్నీ అయ్యకు నేర్పింది ఒక ముసలి మెకానిక్. మేము ఉస్తాద్ అంటాము. ఇప్పుడు ఆయనకు కండ్లు కనిపించక వస్తలేడు. ఏ బుష్ ఎప్పుడు తిప్పారో అయ్య మనసులోనే ఉంది.

ఈ ఎండాకాలం పాత ఇనుము కొనే ఆయన వచ్చి బండి చుట్టూ తిరిగిపోయాడు. కిలోల లెక్కన అడిగాడట. బండి పోతే షెడ్డు పోతది, అయ్య పని పోతది. "ఇంకా ఎన్నాళ్ళు నడుస్తది, ఏమేమి మార్చాలి, లెక్క చూపించు" అని సేఠ్ అడిగాడు. అయ్యకు తెలుసు గానీ కాగితం లేదు. ఆ రాత్రి నా లాంగ్ నోట్‌బుక్ తీసి, "చెప్పు అయ్యా" అన్నాను. అయ్య బండి కిందికి పోయి ఒక్కొక్కటి చేత్తో తడిమి చెప్పాడు. నేను టార్చి పట్టుకొని పన్నెండు పేజీలు రాశాను. సేఠ్ చదివి, "దసరా దాకా చూద్దాం" అన్నాడు.

అక్కడికి దగ్గర్లోనే చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం గారి 1912 నాటి పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ కారు ఉంది. రాజుల కారు గురించి రాసేవాళ్ళు ఉన్నారు. మట్టి తోసిన బండి గురించి, దాన్ని చూసుకున్న మనిషి గురించి మనమే రాయాలి. మీ ఇండ్లల్లో కూడా ఇట్లాంటి పని తెలిసిన వాళ్ళు ఉంటారు. అడిగి రాయండి.

నా నోట్‌బుక్‌లో ఇంజను సంగతి ఇంకా రాయలేదు. దసరా సెలవులకు బండి ఉంటే చూసి రాస్తాను. లేకపోతే అయ్య చెప్తుంటే రాస్తాను.

ఇట్లు,
తొమ్మిదో తరగతి విద్యార్థిని