కులం అడగని లైన్లు

ఇల్లు కిరాయికుందని బోర్డు చూసి ఫోన్ చేస్తే, ఇంట్లో ఎందరని అడుగుతారు, ఎక్కడ డ్యూటీ అని అడుగుతారు. ఈ రెండూ న్యాయమే. ఆ తర్వాత వచ్చే మాటకే నాకు ఒళ్లు మండుతుంది: "మీరు ఏం కులపోళ్లు?" మొన్న ఒక ఇంటాయన నన్నూ అదే అడిగిండు. బొగ్గు బాయి మీద బతికిన గోదావరిఖనిలో ఈ మాట పడాల్సి రావడం నాకు మింగుడు పడదు.

1960ల్లో ఇక్కడ బాయిలు తెరిచాక ఊళ్లకు ఊళ్లే కదిలి వచ్చినై. క్వార్టర్ ఇచ్చేటప్పుడు సింగరేణి చూసింది సర్వీసు, గ్రేడు. అందుకే మా క్వార్టర్ల లైన్లో మంథని దిక్కు నుంచి వచ్చిన యాదవుల ఇల్లు, మగ్గం వదిలి వచ్చిన పద్మశాలీల ఇల్లు, కోల్ ఫిల్లర్ మాదిగ కాక ఇల్లు, ప్రకాశం జిల్లా నుంచి వచ్చిన ఫిట్టర్ ఇల్లు గోడకు గోడ ఆనుకొని ఉండేవి. కులం లేకుండా పోయిందని నేను అనను. ఫిల్లర్లలో దళితులే ఎక్కువ, ఆఫీసర్ల బంగళాల్లో వాళ్లు తక్కువ. అయినా లైన్ మర్యాద ఒకటుండేది. కాకకు నైట్ షిఫ్టు పడితే పొద్దుగల్ల లైనంతా గొంతు తగ్గించేది. పద్మశాలి చిన్నమ్మ రోకలి పక్కన పెట్టేది. మేం పిల్లలం గోలీలాట పట్టుకొని లైన్ చివరికి పోయేవాళ్లం. కిటికీకి గోనె పట్టా కట్టుకొని కాక పడుకునేవాడు. ఎండకు ఆ పట్టా కాలి వాసనొచ్చేది. మధ్యాహ్నం ఎవరైనా అమ్ముకునేటాయన కేక పెడితే మా అమ్మ ఉరికి పోయి నోరు మూయించి వచ్చేది. ఎవరి కులమేదో తెలుసు, కానీ నిద్ర విషయంలో అందరూ ఒక్కటే.

నాలుగడుగులు పోతే ఎన్టీపీసీ జ్యోతినగర్ ఇంకో లోకం. 1983లో మొదటి యూనిట్ నడిచి, తర్వాత 2600 మెగావాట్లకు పెరిగేసరికి అక్కడికి దేశం నలుమూలల నుంచి ఉద్యోగులొచ్చారు. పార్కులో పిల్లల ఆట హిందీలో నడిచేది. ఎఫ్‌సీఐ వాళ్ల గౌతమినగర్ ఎరువుల ఫ్యాక్టరీతో బతికి, 1999లో అది మూతపడ్డాక బోసిపోయింది. ఏ కాలనీ స్వభావమైనా అక్కడ కడుపు నింపే పనిని బట్టే వస్తుందని నా నమ్మకం. ఇప్పుడు రిటైరైనోళ్లు ప్లాట్లు కొని కట్టుకునే కొత్త కాలనీల్లో అందరికీ ఒక పని లేదు, ఒక షిఫ్టు లేదు. అందుకే చుట్టరికం చూసుకొని ప్లాట్లు కొంటున్నారు, కులం చూసుకొని కిరాయికిస్తున్నారు. ఓపెన్‌కాస్టు మట్టి పనికి బీహారు, జార్ఖండ్ నుంచి వచ్చిన పిల్లలకైతే గది దొరకడమే గగనం. బాయిలో బొగ్గు తట్ట మోసినోళ్ల కొడుకులే ఇట్లా తలుపేస్తుంటే బాధైతది.

పాత లైన్లలో పండుగ కూడా కులం అడగలేదు. సద్దుల బతుకమ్మ నాడు మా లైన్లో ఇంటికొకటి పేర్చేవాళ్లు, ఆడేది మాత్రం ఒక్క చోట. ఫిట్టర్ భార్యకు పేర్చడం రాకపోతే ఫిల్లర్ కాక భార్య కూర్చోబెట్టి నేర్పింది. అడుగున గుమ్మడాకు, ఆపైన తంగేడు దట్టంగా, గునుగుకు రంగులద్ది వరుస మార్చి. తంగేడు కోసం తెల్లారకముందే బయటి బీళ్లకు పోయేవాళ్లం. ఇప్పుడా బీళ్ల మీద ఓపెన్‌కాస్టు మట్టి దిబ్బలు లేచినై. తంగేడును బజార్లో కట్టల్లెక్కన అమ్ముతున్నారు. సగం వాడిపోయినవే, పైగా ఏటేటా రేటు పెంచుతున్నారు. దిబ్బల మీద ఏవేవో చెట్లు నాటుతున్నారు కదా, ఆ మొక్కల్లో తంగేడు ఎందుకు లేదు?