కల్పిత కథలూ, మన పిల్లలూ

అలమండ పేరు చెప్పగానే విజయనగరం ప్రాంతం వారికి రెండు విషయాలు స్ఫురిస్తాయి. ఒకటి, అక్కడి చిన్న రైల్వేస్టేషను. రెండవది, ఆ ఊరికి చెందిన రచయిత, పాత్రికేయుడు కె.ఎన్.వై. పతంజలి (1952–2009). ఆయన రాసిన ‘వీరబొబ్బిలి’లో కథానాయకుడు మనిషి కాదు, రాజుగారి దివాణంలోని కుక్క. అది ఆలోచిస్తుంది, తన గొప్పతనాన్ని తలచుకొని గర్విస్తుంది, చుట్టూ ఉన్న మనుషులను తూకం వేస్తుంది. ‘గోపాత్రుడు’లోనైతే భూమి గుండ్రంగా ఉందా, బల్లపరుపుగా ఉందా అన్న తగాదా ఊరినే కుదిపేస్తుంది. ఈ రచనల సంపుటి ఒకటి గత సంవత్సరం మా మద్రసాలోని పెద్ద విద్యార్థుల చేతికి వచ్చింది. చేతులు మారుతూ కొన్ని ఇళ్ళకు కూడా చేరింది. దానితో అభిప్రాయాలు బయలుదేరాయి.

పదహారేళ్ళ విద్యార్థి ఒకడు నవ్వు ఆపుకోలేక, “హజ్రత్, ఈ కుక్కలాంటి పెద్దమనుషులు మా వీధిలోనే ముగ్గురున్నారు” అన్నాడు. మాతో పాటు బోధించే ఒక మౌల్వీగారికి ఇది రుచించలేదు. జనాన్ని నవ్వించడానికి అబద్ధమాడేవానికి వినాశం తప్పదని దైవప్రవక్త (స) హెచ్చరించిన విషయాన్ని ఆయన గుర్తు చేశారు. బట్టల వ్యాపారం చేసుకునే ఒక తండ్రి మరీ నొచ్చుకున్నారు. తిట్లు, తాగుడు ఉన్న పుస్తకాలు మద్రసాలో తిరిగేటట్లయితే తమ కుమారుణ్ణి చదువు మాన్పించి తీసుకుపోతామని స్పష్టంగా చెప్పారు. ఒక తల్లి మాట దీనికి పూర్తిగా భిన్నం. “పుస్తకంలో కుక్క ఉంటే ఏటి, గాడిద ఉంటే ఏటి హజ్రత్? మావోడు తెలుగు పుస్తకం పట్టుకొని మూల కూర్చోడం ఇదే మొదలు” అన్నారామె.

నలుగురి మాటలోనూ విలువైన అంశం ఉంది. అందువల్ల దేనినీ తోసిపుచ్చక, మేము చదువుకున్న చదువు ఈ విషయంలో ఏమంటుందో పరిశీలించాము.

మొదట అబద్ధం సంగతి. ఎదుటివారు నిజమని నమ్మాలన్న ఉద్దేశంతో చెప్పేది అబద్ధం. ఇది కథ అని చెప్పేవానికీ వినేవానికీ ముందే తెలిసినపుడు అక్కడ మోసపోయినవారు ఎవరూ లేరు. ఈ వాదం మాది కాదు. 1122లో మరణించిన బస్రా పండితుడు అల్ హరీరీ తన ‘మఖామాత్’ పీఠికలోనే దీనిని లేవనెత్తాడు. పశుపక్ష్యాదుల నోట, ప్రాణంలేని వస్తువుల నోట చెప్పించిన కథలను ఏ పండితుడూ పాపమనలేదని, కర్మల విలువ సంకల్పాన్ని బట్టి ఉంటుందని ఆయన సమర్థన. ఆ గ్రంథాన్ని తరతరాలుగా మన మద్రసాలలోనే పాఠంగా చెప్పుకుంటున్నాము. అందులోని అబూ జైద్ అనే మాటకారి మోసగాణ్ణి క్షమించి, అలమండ కుక్కను మాత్రం శిక్షించడం న్యాయమనిపించదు.

ఇంకా వెనుకకు వెళితే, ఎనిమిదవ శతాబ్దంలో ఇబ్నుల్ ముఖఫ్ఫా అరబీలోకి తెచ్చిన ‘కలీలా వ దిమ్నా’ ఉంది. ఆ పేర్లు రెండు నక్కలవి. మన పంచతంత్రంలోని కరటక దమనకులే పహ్లవీ భాష మీదుగా అరేబియా చేరి అలా మారారు. 1853లో చిన్నయసూరి ‘నీతిచంద్రిక’లో తెలుగువారికి పంచతంత్ర కథలే చెప్పాడు. బస్రాకు చెందిన ఇఖ్వానుస్సఫా రచనలలో జంతువులు జిన్నుల రాజు ఎదుట మనిషి మీద ఫిర్యాదు చేస్తాయి. ఆ కథ 1810లో కలకత్తా ఫోర్ట్ విలియం కళాశాల ద్వారా ఉర్దూలోకి కూడా వచ్చింది. మన పెద్దలు జంతువు నోట మాట విని భయపడలేదు, బుద్ధి తెచ్చుకున్నారు.

కుక్క అనగానే ముఖం చిట్లించేవారికి మరొక మనవి. గుహవాసుల వృత్తాంతంలో గడప వద్ద ముంగాళ్ళు చాచి కూర్చున్న కుక్కను దివ్యఖుర్ఆన్ ప్రస్తావించింది. సులైమాన్ (అ) సైన్యం వస్తున్నదని చీమ తోటి చీమలను హెచ్చరించిన సంగతి కూడా అందులోనిదే. అవి కల్పనలు కావు, సత్యాలు. వాటినీ కథలనూ ఒక గాట కట్టరాదు. అయితే అల్పప్రాణి నుండి పాఠం నేర్చుకోవడం మనకు చిన్నతనం కాదని వాటి ద్వారా తెలుస్తున్నది.

ఇక తండ్రిగారి ఆందోళన. నజ్ర్ బిన్ హారిస్ పారశీక వీరుల కథలు తెచ్చి చెప్పి, జనాన్ని ఖుర్ఆన్ వినకుండా మళ్ళించాడని వ్యాఖ్యాతలు రాశారు. అక్కడ నింద కథ మీద కంటె, మళ్ళించాలన్న దురుద్దేశం మీద ఎక్కువగా ఉంది. నమాజు వేళ దాటిపోయేలా చేసే పుస్తకం ఎంత మంచిదైనా ఆ వేళకు మూయవలసినదే. పతంజలి రచనలలో మోటు మాటలు, తాగుబోతులు ఉన్న మాట వాస్తవం. అవి పసిపిల్లలకు తగవు.

అందువల్ల మేము ఒక పద్ధతి ఏర్పరచుకున్నాము. చిన్న తరగతుల వారికి నీతిచంద్రిక, కలీలా దిమ్నా కథలు. పెద్దవారు పతంజలిని చదువవచ్చు. కాని గురువారం అస్ర్ తరువాత మా ఎదుట కూర్చొని చదవాలి. రచయిత ఎవరిని వెక్కిరిస్తున్నాడో, ఎందుకు వెక్కిరిస్తున్నాడో చెప్పాలి. వంశగర్వంతో మిడిసిపడే ఆ కుక్కను చూసి నవ్విన పిల్లవాడు, గర్వం గురించిన హదీసు పాఠం వచ్చినపుడు మరింత శ్రద్ధగా విన్నాడు.

దీనికి మరొక ప్రయోజనం ఉంది. మన పిల్లలు ఇంట ఉర్దూ, మద్రసాలో అరబీ నేర్చినా, బజారులోనూ కచేరీలోనూ బ్రతకవలసినది తెలుగుతోనే. ఈ నేల మనకు కొత్తది కాదు. శ్రీకాకుళం జామియా మసీదును పదిహేడవ శతాబ్దంలో కట్టించిన ఫౌజుదారు షేర్ ముహమ్మద్ ఖాన్ పేరులోని ‘షేర్’ అన్న మాటే తెలుగున ‘బెబ్బులి’ అయి, అదే బొబ్బిలిగా మారిందని ఈ ప్రాంతంలో చెప్పుకుంటారు. అదే నిజమైతే వీరబొబ్బిలి పేరులోనూ మన మాట ఒకటి దాగి ఉన్నట్లే.

ఆ తండ్రిగారిని పిలిచి ఇదంతా వివరించాము. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. పుస్తకం తానే చదివి, రంజాన్ తరువాత నిర్ణయం చెబుతామని తీసుకువెళ్ళారు. ఆయన కాదన్నా మేము తప్పుపట్టము. కుమారుని చదువుకు అల్లాహ్ ఎదుట జవాబు చెప్పుకోవలసినది మొదట తండ్రే. తల్లిదండ్రులకు మేము చేసుకునే విన్నపం ఒక్కటే. బిడ్డ చేతిలోని పుస్తకాన్ని లాక్కునే ముందు, దానిని ఒకసారి మీరూ చదవండి.