తుమ్ములకు సి విటమిన్ గోలీ

"సి విటమిన్ గోలీలియ్యి బిడ్డా, తుమ్ములు ఆగుతలేవు."

గంభీరావుపేటలో పొద్దున ఓ మెడికల్ షాపు దగ్గర వినబడ్డ మాట ఇది. అడిగిన పెద్దమ్మ పొలం గట్ల మీద ఎలర్జీ తెప్పించే వయ్యారిభామ కలుపు పీకి వస్తున్నది. కళ్ళు ఎర్రబడ్డయి, మోచేతుల దాకా దద్దుర్లు. షాపాయన నారింజ రంగు గోలీలు కత్తిరించి చేతిలో పెట్టిండు.

కరోనా నుంచి ఈ గోలీ ఇంటింటికీ చేరింది. ఎలర్జీకీ పనిచేస్తుందనే నమ్మకం దానితోపాటే వచ్చింది.

ఆ నమ్మకం పూర్తిగా గాలిమాట కాదు. తుమ్ములు, దురద తెప్పించేది ఒంట్లో విడుదలయ్యే హిస్టమిన్. విటమిన్ సి తీసుకున్నవాళ్ళ రక్తంలో అది తగ్గినట్టు కొన్ని చిన్న అధ్యయనాల్లో కనిపించింది.

కానీ ఎలర్జీ మందుకు బదులు ఇదొక్కటే చాలని ఏ పెద్ద పరిశోధనా తేల్చలేదు. సెటిరిజిన్ లాంటి మందు హిస్టమిన్ పనిని నేరుగా అడ్డుకుంటుంది. విటమిన్ ఆ పని చేయదు.

అసలు ఒంటికి కావలసింది ఎంత? హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పిన లెక్క: రోజుకు మగవాళ్ళకు 80, ఆడవాళ్ళకు 65 మిల్లీగ్రాములు. ఒక మంచి సైజు జామపండుతోనే అది తీరిపోతుంది. ఒక్కో గోలీలో ఉండేది 500. ఒంటికి పట్టని మిగులు మూత్రంలో పోతుంది. రోజుకు 2000 దాటితే కడుపు పాడవ్వొచ్చు. కిడ్నీలో రాళ్ళున్నవాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి.

వయ్యారిభామను పూత రాకముందే పీకండి. చేతులకు గ్లౌజులు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. ఆయాసం వస్తే గోలీతో సరిపెట్టుకోకుండా డాక్టరు దగ్గరికి పోండి.

మీ ఊళ్ళో తుమ్ములకు ఏం వాడుతున్నారు? కామెంట్లో చెప్పండి.