సాక్స్ అనేది ఒక మనిషి పేరు

పోయిన భాగంలో డప్పు గురించి రాశాను. ఈసారి బ్యాండు మేళం. దాని గురించి మనవాళ్లు కూడా పెద్దగా రాయరు. పాటల ఉద్యమంలో డప్పుకి చోటు దొరికింది, ఎర్ర కోటు వేసుకున్న బ్యాండు మనిషికి దొరకలేదు.

మా మావయ్య పాత గాజువాకలో ఒక మేళంలో సాక్సాఫోన్ వాయించేవాడు. కూర్మన్నపాలెం, అగనంపూడి, లంకెలపాలెం, పెళ్లి ఎక్కడుంటే అక్కడికి. మే నెల ఎండలో ఆ కోటు, ఆ టోపీ. స్కూలు సెలవుల్లో గిలక్కాయలు ఊపడానికి నన్నూ తీసుకెళ్లేవాడు. ఊరేగింపులో మేం ముందు నడిచేవాళ్లం. భోజనాల దగ్గరికొచ్చేసరికి అందరూ లేచాక, షామియానా వెనక మాకు విస్తర్లు వేసేవాళ్లు. అప్పుడది నాకు వింతగా అనిపించలేదు. బిర్యానీ ఉంటే చాలనుకున్నాను.

ఇంటర్‌లో ఉండగా ఎక్కడో చదివి అడిగాను. "మావయ్యా, సాక్స్ అనేది ఒక మనిషి పేరట, తెలుసా?"

"మనిషేటిరా? వాయిద్యం పేరది" అని నవ్వేశాడు.

మనిషే. అడాల్ఫ్ సాక్స్. 1814లో బెల్జియంలోని దినాన్‌లో పుట్టాడు. రాగి, ఇత్తడి పనికి పేరుపడ్డ ఊరది. తండ్రి కూడా వాయిద్యాలు చేసేవాడు. కొడుకు 1842లో పారిస్‌కి వలసపోయాడు. క్లారినెట్‌కి ఉన్నట్టు ఒంటి రెల్లు పీక పెట్టి, దాన్ని శంకులా వెడల్పయ్యే ఇత్తడి గొట్టానికి తగిలిస్తే ఏమవుతుందని ఆలోచించాడు. ఒళ్లంతా ఇత్తడే అయినా సాక్సాఫోన్‌ని చెక్క వాయిద్యాల వరసలో లెక్కేస్తారు. కారణం ఆ పీకే. 1846లో పేటెంటు వచ్చింది.

అంతకు ఏడాది ముందే పారిస్ మైదానంలో జనం ముందు పోటీ జరిగింది. ఒకవైపు పాత పద్ధతి బ్యాండు, ఇంకోవైపు సాక్స్ వాయిద్యాల బ్యాండు. సాక్స్ గెలిచాడు, సైన్యం ఆర్డర్లు దక్కాయి. అక్కడి తయారీదార్లు ఊరుకుంటారా? నిన్నగాక మొన్న బయటినుంచి వచ్చినవాడు మన పొట్ట కొడతాడా అని ఏకమై, పేటెంట్లు చెల్లవంటూ కేసులేశారు. ఏళ్ల తరబడి కోర్టులు. 1852, 1873, 1877, మూడుసార్లు దివాలా. 1894లో పోయేనాటికి చేతిలో ఏమీ మిగల్లేదు.

ఆయన్ని మన మహనీయుల పటాల వరసలో పెట్టమనడం లేదు. ఆయన సరుకు కొన్నది ఫ్రెంచి సైన్యం. ఆ కోటూ టోపీ మన వీధుల్లోకి వచ్చింది కూడా సామ్రాజ్యాల సైనిక బ్యాండుల దారిలోనే. నాకు ముఖ్యమైంది వేరే. మన దగ్గర ప్రతి వాయిద్యం ఎవరి చేతిలో ఉండాలో ముందే రాసిపెట్టి ఉంది. డోలు సన్నాయి మంగలివారిది, డప్పు మాది, వీణ సంగతి చెప్పక్కర్లేదు. సాక్సాఫోన్ కులం సర్టిఫికెట్ లేకుండా దిగింది. తాతలెవరూ వాయించలేదు కాబట్టి ఎవడూ "నీకెందుకు ఇది" అనలేకపోయాడు. అమెరికాలో దాన్ని అందుకుని ప్రపంచానికి వినిపించింది బానిసల వారసులు. కోల్మన్ హాకిన్స్, చార్లీ పార్కర్, జాన్ కోల్ట్రేన్. ఇక్కడ మావయ్యలాంటి వాళ్లు అందుకున్నారు. కాకపోతే వాయిద్యానికి లేని కులం, వాయించేవాడికి విస్తరి దగ్గర తగులుకుంది.

కద్రి గోపాల్‌నాథ్ అదే వాయిద్యాన్ని కర్ణాటక కచేరీకి తెచ్చాడు. నాదస్వరం కుటుంబంలో పుట్టి, మైసూరు ప్యాలెస్ బ్యాండులో దాన్ని చూసి పట్టుకున్నాడు. ఆయన సాధన ముందు చేతులెత్తి దండం పెడతాను. కానీ కూర్చుని వాయిస్తే విద్వాంసుడు, నిలబడి వాయిస్తే బ్యాండువాడు. ఈ తేడా సంగీతం పెట్టింది కాదు.

మావయ్య సాక్సు మీరట్ సరుకు. బ్యాండు వాయిద్యాలు తయారయ్యే జలీ కోఠీ ఆ ఊళ్లోనే ఉంది. మీట ఊడితే ఆటోనగర్‌లో రేడియేటర్లు అతికేవాడి దగ్గరికి పరిగెత్తేవాడు. రంధ్రాల మీద మూతలుంటాయి కదా, వాటి కింద తోలు బిళ్లలుంటాయి. అవి ఎండి పగిలితే గాలి పోతుంది, స్వరం పలకదు. ఆ బిళ్లలు మా తాత మేకతోలుతో కత్తిరించి ఇచ్చేవాడు. డప్పుకి తోలు మూసిన చెయ్యే. దినాన్‌లో పుట్టినవాడి వాయిద్యం గాజువాకలో మా తాత తోలుతో పలికిందని తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

తర్వాత డీజేలొచ్చాయి. ఒక టాటా ఏస్, నాలుగు పెట్టెలు, ఒక కుర్రాడు. మేళం ఊడిపోయింది. మావయ్య కాంట్రాక్టు కూలీగా పోయాడు, దుమ్ములో పని. ఊపిరి మీద బతికినవాడికి చివరి రెండేళ్లు ఊపిరే అందలేదు.

ఆ సాక్సు ట్రంకుపెట్టెలో ఉండిపోయింది. మొన్న పాత సామాన్లవాడు ఇత్తడి కేజీ లెక్కన అడిగాడు. అత్తయ్య ఇవ్వనంది. "అమ్మేత్తే ఏటొస్తాది? మూడు నెల్ల కరెంటు బిల్లు."

డిగ్రీ చదువుతున్న మావయ్య మనవరాలు దాన్ని బయటికి తీసి, చింతపండుతో తోమింది. యూట్యూబ్ చూసి వేళ్లు పెట్టడం నేర్చుకుంటోంది. నిన్న ఊదితే పై స్వరాలు నాలుగు పలికాయి. కిందివి రాలేదు, అడుగు బిళ్లలు రెండు పగిలిపోయాయి. తాత లేడు. చెప్పులు కుట్టే పెద్దాయన ఒకరిని అడిగాను. ఆదివారం రమ్మన్నాడు, మేకతోలు మమ్మల్నే తెచ్చుకోమన్నాడు.