ఉన్న తొమ్మండుగురికీ వరస

వరస అనే మాట మన ఆడవాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. పెళ్ళింట్లో బంతి వేస్తే ఎవర్ని ముందు కూచోబెట్టాలి, వియ్యపురాలి ఆడబిడ్డ పక్కన ఎవర్ని కూచోబెట్టకూడదు, బొట్టు పెట్టి పిలవడానికి ముందు ఏ గడప తొక్కాలి, ఇవన్నీ వరసలే. ఒక్క విస్తరి వరస తప్పిందని ఇరవై ఏళ్ళు చెప్పుకున్నవాళ్ళని నేనెరుగుదును. అయితే ఈ వరస గొడవ ఒక ఆటలో కూడా ఉంటుందనీ, దానికోసం పెద్దవయసు వాళ్ళు ఆరు నెలలపాటు రోజూ కూచుని తగువులాడుకుంటారనీ 2024లో అమెరికా వెళ్ళేదాకా నాకు తెలీదు.

మా అబ్బాయి చికాగోలో దక్షిణపు వైపు ఉంటాడు. విజిటర్ వీసా మీద నేనూ మావారూ ఏప్రిల్ మొదట్లో కాకినాడ నించి అక్కడ దిగాం. మాకు ఇచ్చిన గడువు ఆరు నెలలు. అక్కడి బేస్‌బాల్ సీజను కూడా ఇంచుమించు ఆరు నెలలే. మార్చి నెలాఖరున మొదలై సెప్టెంబరు నెలాఖరుకి ముగుస్తుంది. ఈలోగా ఒక్కొక్క జట్టు 162 ఆటలు ఆడాలి. అంటే దాదాపు రోజూ ఆటేనన్నమాట. పండక్కి చేసుకునే పిండివంట కాదిది, రోజూ వండుకునే పప్పూ కూరా.

చికాగోకి రెండు జట్లు. ఉత్తరం వైపు వాళ్ళది కబ్స్, దక్షిణం వైపు వాళ్ళది వైట్ సాక్స్. మా అబ్బాయి ఉన్నది దక్షిణాన కనక మా వాటాకి వైట్ సాక్స్ వచ్చింది. "తెల్లమేజోళ్ళ జట్టా! పేరే అలా ఉంటే ఆట ఎలా ఉంటుందో" అన్నారు మావారు. ఆయన నోరు మంచిది కాదు సుమండీ. మొదటి 25 ఆటల్లో ఆ జట్టు 22 ఓడిపోయింది.

పక్కింటావిడకి ఎనభై దాటాయి. 1959లో ఆ జట్టు లీగ్ గెలిచిననాటికి పదహారేళ్ళ పిల్ల. 2005లో, 88 ఏళ్ళ తరవాత వాళ్ళు వరల్డ్ సిరీస్ గెలిచినప్పుడు ఆనందంతో ఏడ్చిందట. ఆవిడకో తమ్ముడు. పై వీధిలో ఒంటరిగా ఉంటాడు. కాలేజీలో చదివే మనవడొకడు సెలవలకి ఆవిడ దగ్గరికి వచ్చాడు. సాయంత్రం అయ్యేసరికి ముగ్గురూ వెనక వసారాలో రేడియో పెట్టుకుని చేరేవారు. నాకు పొద్దుపోక, మావారికి వినోదానికి, మేమిద్దరం కూడా కుర్చీలు లాక్కుని వాళ్ళ పక్కన చేరాం.

ఆవిడ ఒళ్ళో ఎప్పుడూ ఓ పుస్తకం, చేతిలో పెన్సిలూ ఉండేవి. పేజీ నిండా చిన్న చిన్న గళ్ళు, గడిగడికీ మధ్యన ఓ డైమండు గుర్తు. దూరం నించి చూసి నేను చుక్కలముగ్గుల పుస్తకం అనుకున్నాను. తీరా చూస్తే ఆట లెక్క! మైదానంలో ఒక్కొక్క చోటుకీ ఓ అంకె. బంతి వేసేవాడు 1, వెనక పట్టుకునేవాడు 2, అలా 9 దాకా. బంతి ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి పోయిందో ఆ అంకెలతోనే రాసుకుంటుంది. పాలవాడి లెక్క, చాకలి పద్దు రాసి అరిగిపోయిన చేతికి ఆ పుస్తకం అర్థం కావడానికి పెద్ద వ్యవధి పట్టలేదు.

ఇక వరస సంగతి. బ్యాటు పట్టేవాళ్ళు తొమ్మండుగురు. ఎవరి తరవాత ఎవరన్నది ఆట మొదలవకముందే మేనేజరు ఓ కార్డు మీద రాసి అంపైరు చేతికి ఇచ్చేయాలి. ఆట అయ్యేదాకా అదే వరస. తొమ్మిదోవాడి తరవాత మళ్ళీ మొదటివాడు. మన క్రికెట్‌లో అయితే అవసరాన్ని బట్టి కెప్టెన్ ఎవర్నైనా ముందుకి పంపవచ్చు. ఇక్కడ ఆ వీల్లేదు. వరస తప్పి ఇంకొకడు బ్యాటు పట్టినప్పుడు అవతలి జట్టు ఆ తప్పు ఎత్తి చూపిస్తే, అసలు రావలసినవాడు అవుట్. ఒకణ్ణి తీసి ఇంకొకణ్ణి పెట్టుకోవచ్చు గాని, తీసినవాడు ఆ ఆటలోకి మళ్ళీ రాకూడదు. "ఈ రూలు మన పెళ్ళిళ్ళలో ఉంటే ఎంత బాగుండేదోయ్! అలిగి లేచినవాళ్ళు మళ్ళీ విస్తరి ముందుకి రాకుండా" అన్నారు మావారు. ఆయనకి ఆ ఆట మీద గౌరవం కలిగింది అప్పుడే.

ఆనాటి వరస ఏమిటో ఆటకి కొన్ని గంటల ముందే తెలిసిపోతుంది. అక్కణ్ణించి మొదలు. ముగ్గురివీ మూడు దారులు. ఆవిడది పాతకాలపు పద్ధతి. బాగా పరిగెత్తేవాడు, ఎలాగో ఒకలాగ మొదటి బేస్ చేరుకునేవాడు ముందు రావాలి. బలంగా కొట్టేవాడు నాలుగోవాడుగా వచ్చి ముందున్నవాళ్ళందర్నీ ఇంటికి తోలాలి. మనవడిది అంకెల పద్ధతి. "బామ్మా, వరసలో ఒక్కో మెట్టు దిగితే ఏడాదికి పద్ధెనిమిది సార్లో ఎంతో బ్యాటు పట్టే అవకాశం తగ్గుతుంది. అందరికంటే బాగా ఆడేవాణ్ణి రెండోవాడుగా పంపాలి. నాలుగో స్థానం దాకా దాచుకోవడం దేనికి?" అంటాడు. తమ్ముడిది ఏ పద్ధతీ కాదు. నిన్న ఏ వరస పెట్టి ఓడారో, ఇవాళ అది తప్ప ఏదైనా ఫరవాలేదంటాడు.

అందరికంటే ఎక్కువ నలిగిన పేరు బెనిన్‌టెండీ. అయిదేళ్ళకి ఏడున్నర కోట్ల డాలర్లకి ఒప్పందం చేసుకుని 2023లో చేరిన ఆటగాడు. ఆ జట్టు చరిత్రలో అప్పటిదాకా ఎవరికీ అంత ఇవ్వలేదట. 2024 మొదట్లో పాపం అతని బ్యాటుకి బంతి తగిలితే ఒట్టు. "డబ్బిచ్చాం కదా అని రోజూ పంపిస్తారా? కూచోబెట్టండి" అని తమ్ముడు. "ఏడో చోటుకి దింపండి, అక్కడ కాస్త ఊపిరి పీల్చుకుంటాడు. అంతేగాని మనిషిని తీసెయ్యడమేమిటి?" అని అక్కగారు. అల్లుడి మీద పంచాయితీ జరుగుతున్నట్టే ఉండేది నాకు.

ఇంకో తగువు కుర్రవాళ్ళ గురించి. ఎలాగూ ఓడుతున్నాం కనక కింది లీగులోంచి కొత్తవాళ్ళని తెచ్చి ఆడించాలి, వచ్చే ఏడాదికైనా పనికొస్తారని మనవడు. టికెట్టు కొన్నవాడికి గెలుపు ఇవాళ కావాలి, వచ్చే ఏడాది కాదని తమ్ముడు. ఆవిడ కాసేపు పెన్సిలు ఆపి, "ఇరవై రెండేళ్ళ పిల్లవాణ్ణి రోజూ ఓడిపోయే చోట నిలబెడితే ఆట నేర్చుకుంటాడా, ఓడిపోవడం నేర్చుకుంటాడా?" అంది. దానికి మనవడి అంకెల్లో జవాబు దొరకలేదు. పిల్లల్ని పెంచినవాళ్ళం, నా దగ్గరా లేదు.

ఇంతా చేసి, వరస మారిస్తే ఎంత తేడా వస్తుందో తెలుసా? ఒకనాడు ఆ మనవడే చెప్పాడు. లెక్కలు కట్టినవాళ్ళు తేల్చిందేమిటంటే, మామూలుగా పెట్టే వరసకీ, అన్నిటికంటే మేలైన వరసకీ తేడా ఏడాది మొత్తం మీద ఒకటి రెండు ఆటలకి మించదట! మావారు పకపకా నవ్వారు. "ఈ భాగ్యానికా రోజూ ఈ రామరావణ యుద్ధం?" అన్నారు.

నాకు మాత్రం నవ్వు రాలేదు. నెలాఖరు రాత్రుళ్ళు మా అమ్మా నాన్నా చేసిన వాదనలు గుర్తొచ్చాయి. జీతం చాలదని ఇద్దరికీ తెలుసు. అయినా ఇంటద్దె ముందా, పిల్లల ఫీజు ముందా, కిరాణాకొట్టు బాకీ ముందా అని గంటసేపు తర్జనభర్జన పడేవారు. ఏది ముందు కట్టినా జీతం పెరిగేదీ లేదు, బాకీ తరిగేదీ లేదు. కాని ఏ నెలా ఆ వాదన మానలేదు. పక్కగదిలో చాప మీద పడుకుని ఆ మాటలు వింటూ మేం హాయిగా నిద్రపోయేవాళ్ళం. ఒకే ఒక్క నెల నాన్న జీతం కవరు బల్ల మీద పెట్టి, ఏమీ అనకుండా వెళ్ళి పడుకున్నారు. మా పిల్లలకి భయం వేసింది ఆ ఒక్క నెలే.

జూలైలో పక్కింటి వసారాకి అలాంటి నెలే వచ్చింది. పదో తారీకున మొదలైన ఓటమి ఆగలేదు. పది, పన్నెండు, పదిహేను. తమ్ముడుగారు ఒకనాడు కుర్చీలోంచి లేచి, "ఎవరు ముందొస్తేనేం, ఎవరు వెనకొస్తేనేం" అని టోపీ తీసుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. అక్కగారు ఫోను చేస్తే ముక్తసరిగా మాట్లాడి పెట్టేసేవాడట. పొద్దున్న నడకకి కూడా వెళ్ళడం మానేశాడని ఎవరో చెప్పారు. ఆవిడ ఒక్కతే కూచుని గళ్ళు నింపుతూనే ఉంది గాని, చెవులు మాత్రం వీధి గుమ్మం వైపే. "జట్టు ఓడిందని నాకేం దిగుల్లేదు. వాడు నాతో పోట్లాడ్డం మానేశాడు" అంది నాతో. అక్కాతమ్ముళ్ళ భాషకి అనువాదం అక్కర్లేదు కదా!

అలా వరసగా ఇరవై ఒక్క ఆటలు ఓడారు. అమెరికన్ లీగ్‌లో 1988 నాటి బాల్టిమోర్ జట్టు పేర ఉన్న రికార్డుతో సమానమయ్యారు. ఆగస్టు ఆరున, ఓక్లాండ్‌లో, 5-1 తేడాతో ఎట్టకేలకి గెలిచారు. అక్కడికీ చికాగోకీ టైము తేడా ఉండడంతో ఇక్కడ బాగా పొద్దుపోయింది. మర్నాడు పొద్దున్నే ఆవిడ కంచె దగ్గరికి వచ్చి చెప్పింది. రాత్రి ఆట కాగానే ఫోను మోగిందట. తమ్ముడే. గెలిచామనీ లేదు, బాగున్నావా అనీ లేదు. ఎత్తుతూనే, "ఆ ఆరోవాణ్ణి ఆరోచోట పెట్టినవాడికి బుద్ధుందా?" అన్నాడట. చెబుతూ చెబుతూ ఆవిడ కళ్ళు తుడుచుకుంది. సాయంత్రానికి కుర్చీలు మళ్ళీ అయిదయ్యాయి.

రెండ్రోజులకే, ఆగస్టు ఎనిమిదిన, మేనేజర్ పెద్రో గ్రిఫోల్‌ని తీసేశారు. అప్పటికి గెలిచినవి 28, ఓడినవి 89. మిగతా ఆటలకి గ్రేడీ సైజ్‌మోర్‌ని నిలబెట్టారు. వరసలు రాసే చెయ్యి మారింది గాని రాయడానికి ఉన్న పేర్లు దాదాపు అవే. ఆయన హయాంలో 13 గెలిచి 32 ఓడారు. డబ్బాలో ఉన్నవి పుచ్చు కందులైతే వంటావిణ్ణి మార్చి ఏం లాభం? అభిమానులకీ అది అర్థమై, సెప్టెంబరులో సొంత మైదానంలోనే, జట్టుని అమ్మేయమని యజమానికి వినపడేలా కేకలు వేశారు.

ఆధునిక కాలంలో అప్పటిదాకా ఒక్క సీజనులో అత్యధికంగా ఓడినది 1962లో కొత్తగా పుట్టిన న్యూయార్క్ మెట్స్. 120 ఆటలు. వైట్ సాక్స్ 120 దగ్గరికి వచ్చి, ఆ రికార్డు దాటకుండా సొంతఊళ్ళో ఆఖరి మూడు ఆటలూ గెలిచి కూచుంది. ఆ మూడింట్లో నడిమిది, సెప్టెంబరు 25న, పదో ఇన్నింగ్స్‌లో గెలిపించిన దెబ్బ ఎవరు కొట్టారనుకున్నారు? బెనిన్‌టెండీ! వసారా అంతా నిశ్శబ్దం. తమ్ముడుగారు గొంతు సవరించుకుని, "ఏప్రిల్‌లో ఏం చేస్తున్నాడట?" అన్నాడు. మెచ్చుకోలుకి అంతకంటే పెద్దమాట ఆయన దగ్గర లేదు.

ఎంత లాగినా రావలసింది రాక మానలేదు. సెప్టెంబరు 27న డెట్రాయిట్‌లో 121వ ఓటమి. ఆ రాత్రి ఆవిడ చివరి గడి దాకా నింపి, కూడికలు వేసి, తారీకు రాసి పుస్తకం మూసింది. "ఓడిన లెక్క మాత్రం లెక్క కాదా?" అంది. మిగిలిన రెండు ఆటలూ గెలిచి, మొత్తం 41 గెలుపులతో ఏడాది ముగించారు. ఆ వెంటనే మేమూ విమానం ఎక్కాం.

2025లో ఆ జట్టు 60 గెలిచి 102 ఓడింది. ఆ ఏడాది మే నెలలో ఎన్నికైన పోప్ లియో గారిది చికాగోయేనట, ఆయనా వైట్ సాక్స్ అభిమానేనట. ప్రార్థనకి పెద్దమనిషి దొరికాడని అక్కాతమ్ముళ్ళు సంబరపడ్డారనీ, వరస విషయంలో మాత్రం ఇంకా రాజీ కుదరలేదనీ మా అబ్బాయి ఫోనులో చెప్పాడు.

ఇవాళ భోజనాల దగ్గర మావారు చారు జుర్రి, "పోపులో జీలకర్ర ఆవాలకంటే ముందు వేశావా?" అని అడిగారు. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా నా పోపు వరస మీద ఆయనకి అనుమానమే. అడగనివ్వండి. అడుగుతున్నన్నాళ్ళూ ఆయన ధ్యాస నా వంట మీదే ఉన్నట్టు లెక్క.